అత్తకు తోడు పోయి నేనూ నోరు తెరిచాను

సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకొని నోట్లో పెట్టుకున్న మా అత్త నమలకుండా ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముద్దను చేతిలోకి ఊసేసి, పళ్ళెం పక్కన పెట్టి, చెంబెడు నీళ్ళు తాగింది.

వేరే ఇంట్లో అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. వేయించిన చెనిక్కాయలూ మిరపకాయలూ కలిపి నూరిన ఊరిబిండి ఎవరికైనా ఒక్కోసారి మండుతుంది. కానీ మా అత్త లక్ష్మమ్మ పచ్చిమిరపకాయల్ని ఉల్లిగడ్డల్లా కొరుక్కు తినే మనిషి. కారం తగ్గితే నాతో పోట్లాడేది.

"ఏమైందత్తా?" అన్నాను.

"ఏం లేదు మే. చెంప కొరుక్కున్యా. నువ్వు తిను" అంది.

మాది ప్రొద్దుటూరు. మా ఆయన బంగారు పని చేస్తారు. వీధి గదిలో కుంపటి, దాని ముందు ఆయన. లోపల నేను, అత్త, మా ఇద్దరు ఆడపిల్లలు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారి అప్పటికి ఏడెనిమిదేళ్ళయి ఉంటుంది. నాకు ముప్పై దాటాయి.

మా ఇంట్లో వక్కాకు సంచి ఒకటే ఉండేది. అది అత్తది. అందులో ఆకు, వక్క, సున్నం, పొగాకు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది నాకు రెండో కాన్పు అయింది. తర్వాత చాలా రోజులు ఏం తిన్నా వాంతికి వచ్చేది. "రోంత పొగాకు పెట్టుకో, నిలుస్తాది" అని అత్తే ఆకు మడిచి ఇచ్చింది. నిలిచింది. ఆ తర్వాత మానలేదు. పనులయ్యాక మధ్యాహ్నం ఇద్దరం గోడకు ఆనుకొని కూర్చొని ఆకు వేసుకునేవాళ్ళం. అత్తాకోడళ్ళ మధ్య ఉండే చిరాకులన్నీ ఆ కాసేపట్లోనే తీరిపోయేవి. అందులో చెడు ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. పంటినొప్పికి కూడా పొగాకే మందని ఊరంతా అనుకునేది.

ఆ రోజు తర్వాత అత్త మజ్జిగన్నంలోకి దిగింది. అడిగితే, ఎండలు కదా అనేది. మా ఆయన పని పెట్టెలోంచి బంగారం అతకడానికి వాడే వెలిగారం తీసి, పొంగించి, తేనెలో కలిపి చెంప లోపల పూసుకునేది. నోటిపూతకు మా వైపు అదే మందు. రెండు రోజులు తగ్గినట్టు ఉండి మళ్ళీ మండేది. నెల గడిచాక ఎడమ వైపు దవడ పన్ను కదలడం మొదలైంది. "పన్నుతోనే వచ్చింది ఇదంతా" అని, మాకెవరికీ చెప్పకుండా బజారులో పళ్ళు పీకే అతని దగ్గరికి పోయి పీకించుకొని వచ్చింది. పన్ను పోయింది గాని ఆ గుంట మానలేదు. దాన్నుంచి వాసన రాసాగింది. పిల్లలు అవ్వ పక్కన పడుకోవడానికి వెనకాడేవాళ్ళు. అది గమనించి అత్త తానే పడక వేరే మూలకు మార్చుకుంది.

అప్పుడు మా ఆయన కుంపటి ముందు నుంచి లేచి వచ్చారు.

"అమ్మా, రేపు జమ్మలమడుగు పోతాండావు. సరోజ తోడొస్తాది" అన్నారు.

"ఆడికెందుకురా? నోటిపూతకు ఆసుపత్రా?"

"నోటిపూత ఇన్నాళ్ళుండదు. పో" అన్నారు. తల్లితో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో మమ్మల్ని చూసింది ఒక డాక్టరమ్మ. కోస్తా నుంచి వచ్చిన మనిషి. మాటలో తొందర లేదు. అత్తను కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, టార్చి లైటు వేసి చూసింది. వేలు లోపల పెట్టి చెంప అంతా తడిమింది. తర్వాత దవడ కింద, మెడ పక్కన వేళ్ళతో నొక్కి చూసింది.

"ఆకులో పొగాకు వేసుకుంటారా పెద్దమ్మా?"

"ఏసుకుంటా తల్లీ. అందరూ ఏసుకుంటారు."

"ఏ వైపు పెట్టుకుంటారు?"

అత్త ఎడమ చెంప చూపించింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నా వైపు తిరిగింది. నా పళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాచుకోవడానికి నేను పెదవులు మూసుకున్నాను.

"మీరూ ఇలా కూర్చోండి" అంది.

"నాకేం లేదు డాక్టరమ్మా. నేను తోడు వచ్చినా."

"తోడు వచ్చినవాళ్ళ నోరు కూడా చూస్తాను. మీరూ పొగాకు వేస్తారుగా. కూర్చోండి."

నేను కూర్చొని నోరు తెరిచాను. ఆమె చెక్క పుల్లతో నా చెంపను పక్కకు లాగి చాలాసేపు చూసింది. గుడ్డముక్కతో లోపల గట్టిగా తుడిచి మళ్ళీ చూసింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"ఏది?"

ఆమె చిన్న అద్దం నా చేతికిచ్చి, లైటు పట్టుకుంది. అన్నేళ్ళ వయసులో నా చెంప లోపల ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదటిసారి. ఎర్రటి కండ మీద, అర్ధరూపాయంత మేర, సున్నం పూసి ఆరినట్టు తెల్లటి మచ్చ. అంచులు గరుకుగా ఉన్నాయి. తుడిచినా పోని తెలుపు.

"దీన్ని లూకోప్లేకియా అంటాం. నొప్పి ఉందా?"

"లేదు."

"మంట?"

"లేదు డాక్టరమ్మా. ఇది ఉండాదని కూడా నాకు తెల్దు."

"తెలియదు. అందుకే చూడాలి" అంది. అత్తకు వినబడకుండా కాదు, మామూలు గొంతుతోనే. "ఇద్దరికీ బయాప్సీ చేస్తాను. చిన్న ముక్క తీసి మద్రాసు పంపిస్తాం. ఏమిటన్నది వాళ్ళు చెబుతారు. అంతవరకు పొగాకు ముట్టకండి. ఇద్దరూ."

ముందు అత్తకు తీశారు, తర్వాత నాకు. సూది మందు వేయడంతో నొప్పి తెలియలేదు. దూది కరిచిపెట్టుకొని ఇద్దరం బస్సెక్కాం. మాట్లాడటానికి లేదు. పెన్నలో నీళ్ళు లేవు, ఇసుక మీద ఎండ మండిపోతోంది. నేను కిటికీలోంచి చూస్తూ మా పిల్లల్ని తలుచుకున్నాను. పెద్దదానికి పన్నెండేళ్ళు, చిన్నదానికి పది. నేను పోతే వాళ్ళకు అవ్వ ఉంటుందని అనుకోబోయి, ఆ అవ్వ నా పక్కనే దూది కరుచుకొని కూర్చుందని గుర్తొచ్చి ఆగిపోయాను.

ప్రొద్దుటూరులో దిగాక అత్త దూది ఊసేసి, "నీకేమన్నాది మే ఆయమ్మ?" అని అడిగింది.

"చూడాలన్నాది అత్తా. నీకేమన్నాదో నాకూ అదే."

"నాకున్నట్ల నీకు లేదు గదా. పుండు లేదు గదా."

"లేదు."

ఆమె ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

రిపోర్టులు వచ్చేదాకా గడిచిన రోజులు నా జీవితంలో అన్నింటికన్నా పొడుగైనవి. పొగాకు మానిన మొదటి వారం తల పగిలిపోయేది. పని అయ్యాక చెయ్యి అత్త సంచి వైపే పోయేది. పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. సోంపు గింజలు నమిలాను, జీలకర్ర నమిలాను, ఉప్పు రాసిన చింతపండు చప్పరించాను. మధ్యాహ్నం ఆ గోడ దగ్గర కూర్చుంటే ప్రాణం లాగేది కాబట్టి ఆ వేళకు పక్కింటి ఖాజాబీ దగ్గరికి పోయి ఆమెతో పాటు గుడ్డలు కుట్టేదాన్ని.

అత్త మానలేదు. నేను లేనప్పుడు కుడి చెంపన పెట్టుకునేది. ఒక రోజు పట్టుకున్నాను.

"ముట్టొద్దన్నారు గదా అత్తా."

"వచ్చేది వచ్చింది. ఇంగ మానితే ఏమొస్తాది?"

"ఏమొచ్చిందో ఇంకా చెప్పలేదు గదా."

"ఆయమ్మ చెప్పాల్సిన పన్లే. నా నోరు నాకు తెల్దా? ఇది రాచపుండు" అంది. కేన్సర్‌కు మా వైపు పేరు అదే. మా ఇంట్లో ఆ మాట మొదట పలికింది ఆమే. అని, ఆకు నములుతూనే కూర్చుంది. ఆ సంచి లాక్కోవాలని నా చేతులు లేచాయి. కానీ నొప్పికి ఆమెకున్న ఊరట అదొక్కటే అనిపించి లాక్కోలేకపోయాను.

రిపోర్టుల రోజు మా ఆయన కూడా వచ్చారు. డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచి, అత్తను బయట కూర్చోమంది. అత్త కూర్చోలేదు. తలుపు తోసుకొని వచ్చింది.

"నా నోటి సంగతి నాకు చెప్పకుండా వాళ్ళకు చెప్తావా తల్లీ?"

డాక్టరమ్మ ఆమెకు కుర్చీ చూపించి చెప్పింది. "పెద్దమ్మా, మీకు వచ్చింది కేన్సర్. చెంపలో మొదలై దవడ ఎముక దాకా పోయింది. ఇక్కడ మా వల్ల కాదు. మద్రాసు పోవాలి. ఆపరేషన్ చేసి ఎముక కొంత తీసేస్తారు. తర్వాత మిగిలిన చెడు కణాలు చావడానికి డీప్ ఎక్స్‌రే పెడతారు. ఆలస్యం చేయొద్దు."

"దీనికి?" అని అత్త నన్ను చూపించింది.

"ఆమెకు ఇంకా కేన్సర్ కాదు. కానీ ఆ దారిలో ఉంది. కణాలు మారడం మొదలైంది. ఆ మచ్చ తీసేస్తే అక్కడితో ఆగే అవకాశం ఎక్కువ. పొగాకు మళ్ళీ ముట్టుకుంటే నేను ఏ మాటా ఇవ్వలేను."

"ఎప్పుడు కోస్తావు?"

"వచ్చే వారం. ఇక్కడే."

"కోయి" అంది అత్త. అదేదో ఆమె సంతకం పెట్టాల్సిన విషయం అన్నట్టు. తన మద్రాసు ప్రయాణం గురించి మా ఆయన ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు.

మరుసటి రోజు పొద్దున నేను నీళ్ళు తెచ్చేసరికి అత్త ఇంట్లో లేదు. ఖాజాబీ గోడ పైనుంచి చెప్పింది. "మీ అత్త పులివెందల బస్సెక్కింది వదినా. తమ్ముని కాడికి పోతాండానని చెప్పమన్నాది. ఆడ ఎవరో పసరు పోసే ఆయప్ప ఉండాడంట. నువ్వు కోపించుకుంటావని నీకు చెప్పలేదంట."

మా ఆయన వెంటనే బయల్దేరి పోయారు. సాయంత్రానికి ఒక్కరే తిరిగొచ్చారు. "రానంటాది. ముందు నీది కోయించమంటాది. నువ్వు బాగైతే అప్పుడు చూస్తానంటాది" అన్నారు. గదిలో కుంపటి రాజేశారు గాని ఆ రోజు పని ముట్టలేదు.

నాకు ఆపరేషన్ మెలకువలోనే చేశారు. చెంపలో రెండు మూడు చోట్ల సూది వేశారు. నొప్పి లేదు గాని కోత తెలుస్తూనే ఉంది. కత్తెర శబ్దం నేరుగా చెవిలోకి వస్తుంది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలేది, నర్సు ఎప్పటికప్పుడు తుడిచేది. నేను బల్ల అంచును గట్టిగా పట్టుకొని పైకప్పు దూలం చూస్తూ పడుకున్నాను. "మచ్చ అంతే కాదు, చుట్టూ మంచి కండ కూడా కొంచెం తీస్తున్నాను. భయపడకండి" అని డాక్టరమ్మ చెబుతూనే ఉంది.

కుట్లు వేశాక కొన్నాళ్ళు గంజి, పాలు, మజ్జిగ. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. గాయం మానుతూ చెంప బిగుసుకుపోయింది. నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంతగా మూసుకుంది. డాక్టరమ్మ ఒక కట్ట చెక్క పుల్లలు ఇచ్చింది. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకొని, వారానికి ఒకటో రెండో పెంచాలి. పెంచిన రోజు కళ్ళలోంచి నీళ్ళు కారేవి. మా చిన్నది ఎదురుగా కూర్చొని, "ఇంగొక్కటి పెట్టమ్మా" అనేది. తీసిన ముక్కను కూడా పరీక్షకు పంపారు. అంచుల్లో చెడు ఏమీ మిగల్లేదని జవాబు వచ్చింది. ఆ మాట విన్న మరునాడే పులివెందుల పోదామని మా ఆయనతో అన్నాను.

ముద్దనూరు మీదుగా బస్సు. అత్త తమ్ముడు నారాయణప్ప ఊరి బయట కొత్తగా చీనీ, అదే బత్తాయి, మొక్కలు పెట్టి, అక్కడే కొట్టం వేసుకున్నాడు. మేం పోయేసరికి అత్త కొట్టం ముందు మంచం మీద కూర్చొని ఉంది. రెండు నెలల్లో సగమైపోయింది. ఎడమ చెంప వాచి, మీద పచ్చటి పసరు పట్టు. దవడ కింద నిమ్మకాయంత గడ్డ. అది ఇంతకుముందు లేదు.

నారాయణప్ప నన్ను పక్కకు పిలిచి, "పసరు పోసే ఆయప్ప రావడం మానేసినాడమ్మా. ఇంగ నాతో కాదన్నాడు. అక్క ఒప్పుకోదు. నేనేం చేసేది చెప్పు" అన్నాడు.

నేను మంచం మీద అత్త పక్కన కూర్చున్నాను.

"కోసినారా?" అంది. మాట ముద్దగా వచ్చింది.

"కోసినారు."

"నోరు తెరు."

తెరిచాను. ఆమె నా గడ్డం పట్టుకొని ముఖాన్ని ఎండ వైపు తిప్పి, బొటనవేలితో చెంప లాగి, డాక్టరమ్మ చూసినట్టే చూసింది. చాలాసేపు చూసింది.

"యాడుండాదో కూడా తెలీకుండా ఉండాది. ఇంతేనా?"

"ఇంతే అత్తా. సిన్నగా ఉన్నప్పుడు తీసినారు. అందుకే ఇంత."

ఆమె వేలు తీసేసింది. "నాదీ ఒగప్పుడు ఇంతే ఉండింటాది గదా."

"ఉండింటాది."

"ఎవురూ చూడలేదు."

"ఎవరూ చూడలేదు అత్తా. చూడాలని మనకు తెల్దు."

ఆమె చెంప మీది పసరు పట్టును వేలితో సర్దుకుంది. మా ఆయన ఏదో అనబోతే నేను వద్దని కళ్ళతోనే చెప్పాను. ఆమే అంది. "పోదాం పా మద్రాసుకు. బతుకుతానని కాదు. ఈ నొప్పి నేను తట్టుకోలేకుండా ఉండా. మీ ముందర చెప్పేదానికి సిగ్గై ఈడికొచ్చినా."

ఎర్రగుంట్లలో మద్రాసు రైలెక్కాం. అక్కడి ఆసుపత్రిలో ఎవరి మాటా మాకు పూర్తిగా అర్థమయ్యేది కాదు. తెలుగు వచ్చిన ఒక హౌస్ సర్జన్ మాత్రం మంచం దగ్గరికి వచ్చి చెప్పేవాడు. "ముందే వచ్చుంటే చెంపతో పోయేది. ఇప్పుడు దవడ సగం, మెడలో గడ్డలు, అన్నీ తీయాలి" అన్నాడు. అత్త అతన్ని అడిగింది. "తీసినాక మాట్లాడతానా అప్పా?"

"మాట్లాడతారు. కొత్తవాళ్ళకు అర్థం కాకపోవచ్చు."

"మా వాళ్ళకు అర్థమైతే చాలు."

పొద్దున అత్తను ఆపరేషన్‌కు తీసుకుపోయినవాళ్ళు మధ్యాహ్నం దాటినా బయటికి తేలేదు. వరండాలో మా ఆయన నిలబడే ఉన్నారు. తెచ్చినప్పుడు ముక్కులో గొట్టం, ముఖం సగం కట్టు. కట్లు విప్పాక ఎడమ వైపు ముఖం లోపలికి కుంగిపోయింది. ఆమె అద్దం అడిగింది. నేను ఇవ్వడానికి వెనకాడాను. "ఇయ్యి మే" అని సైగ చేసింది. చూసుకొని తిరిగి ఇచ్చేసింది. ఆ తర్వాత డీప్ ఎక్స్‌రే. చర్మం కమిలి నల్లబడింది, ఉమ్మి ఎండిపోయింది, నాలుక మీద రుచి పోయింది. ఆమె పొగాకు మానింది అక్కడే. ఎవరూ మాన్పించలేదు. కావాలనిపించడం లేదంది.

ఇంటికొచ్చాక ఆమె ఇంకా రెండేళ్ళకు పైగా బతికింది. రాగి గంజి, మెత్తగా పిసికిన అన్నం. మాట నాకూ పిల్లలకూ అర్థమయ్యేది. బంధువుల్లో కొందరు ఆ ముఖం చూడలేక రావడం తగ్గించారు. ఆమె దాచుకోలేదు. నగలు చేయించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ పళ్ళు ఎర్రగా కనబడితే చాలు, లోపలి నుంచి వచ్చి, "నోరు తెరు మే" అనేది. అర్థం కాకపోతే నేను చెప్పేదాన్ని. వాళ్ళను వీధి అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి చూసేది. కొందరు కోపంతో పోయారు. మా ఆయన ఒకసారి, "అమ్మా, బేరాలు పోతాండాయి" అంటే, "పోనీ" అంది.

ఖాజాబీకి పొగాకు అలవాటు లేదని మేమందరం అనుకునేవాళ్ళం. అత్త అడిగితే నోరు తెరిచింది. పెదవి లోపల తెల్లగా ఉంది. పళ్ళపొడి అని చెప్పి ఆమె తోముకునేది పొగాకు పొడి. నేనే జమ్మలమడుగు తీసుకుపోయాను. డాక్టరమ్మ చూసి, ఇప్పుడే కోత అవసరం లేదు, పొడి మానెయ్యండి, మూడు నెలలకు మళ్ళీ చూస్తాను అంది. ఖాజాబీ మానేసింది. మూడో నెలకు ఆ తెలుపు సగం తగ్గింది. తర్వాత పూర్తిగా పోయింది. మానితే పోయేది కూడా ఒకటుంటుందని నాకు తెలిసింది అప్పుడే.

అత్తకు మెడలో మళ్ళీ గడ్డ వచ్చింది. ఈసారి మద్రాసు వాళ్ళు కూడా చేసేదేమీ లేదన్నారు. చివరి రోజుల్లో జమ్మలమడుగు నుంచి తెచ్చిన నొప్పి మందు ఆమెను నిద్రలో ఉంచేది. ఒక పొద్దున మా పెద్దది తల దువ్వుతుండగానే పోయింది. ఆ మధ్యాహ్నం ఇంటినిండా మనుషులున్నారు. ఆమె అరుగు మీద నోరు చూసి ఆసుపత్రికి పంపినవాళ్ళు కూడా కొందరు వచ్చారు.

నా సంగతి అక్కడితో అయిపోలేదు. అత్త పోయిన మరుసటి ఏడు, డాక్టరమ్మ చెప్పినట్టు నెలకోసారి చూసుకునే అలవాటు ప్రకారం అద్దం పట్టుకొని పెరట్లో నిలబడ్డాను. చెంప బాగుంది. నాలుకను గుడ్డతో పట్టుకొని పక్కకు లాగితే, కింది అంచున జొన్నగింజంత ఎర్రటి చోటు. తెల్లగా కూడా కాదు. నొక్కితే గట్టిగా తగిలింది. అప్పటికి పొగాకు మానేసి నాలుగేళ్ళు దాటింది. తులసికోట పక్కనే కూర్చుండిపోయాను. ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు ఆగి చూద్దామా అనిపించింది. లేచి పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన చేతిలో ఉన్న పని కింద పెట్టి, "రేపు కాదు, ఇప్పుడే పోదాం" అన్నారు.

ఈసారి డాక్టరమ్మ ముఖంలో నాకు జవాబు ముందే కనబడింది. బయాప్సీ కూడా అదే చెప్పింది. "కేన్సరే. కానీ చాలా చిన్నది. పైపైనే ఉంది. అన్నేళ్ళు తిన్న పొగాకు నోరంతా తాకి ఉంటుంది కదా, ఒక చోట తీసినా ఇంకో చోట రావచ్చు. అందుకే చూసుకుంటూ ఉండమన్నాను. మీరు చూసుకున్నారు" అంది. మద్రాసులో నాలుక అంచు కొంత తీశారు. మెడ జోలికి పోలేదు. ఎక్స్‌రే అవసరం లేదన్నారు. మా అత్త పడుకున్న వార్డు పక్క వార్డులోనే నన్నూ ఉంచారు. ఒక మధ్యాహ్నం లేచి ఆ వార్డు గుమ్మం దాకా నడిచాను. ఆమె మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. లోపలికి పోలేక తిరిగొచ్చాను.

ఇది జరిగి ఆరేళ్ళవుతోంది. ఇప్పుడు "ళ" సరిగ్గా పలకదు. "పళ్ళెం" అంటే మనవడు నవ్వుతాడు. అంతకు మించి నాకు తక్కువేమీ లేదు. మామూలుగా తింటాను, పని చేసుకుంటాను. మా ఆడపిల్లలిద్దరూ ఆకు ముట్టలేదు. ఏడాదికి రెండుసార్లు జమ్మలమడుగు పోతాను. ఆ డాక్టరమ్మ బదిలీ మీద పోయింది. కొత్తగా వచ్చిన ఆయన కూడా తోడు వచ్చినవాళ్ళ నోరు చూస్తాడు. వెళ్ళే ముందు రోజు నాకు ఇప్పటికీ అన్నం సయించదు. ఆ భయం పోతుందని నేను అబద్ధం చెప్పను.

పొగాకు మానమని చెబితే వెంటనే మానగలిగేవాళ్ళు తక్కువ. నాకు తెలుసు. మానడానికి ప్రయత్నిస్తూనే ఈ ఒక్క పని చెయ్యండి. నెలకోసారి పగటి వెలుతురులో అద్దం పట్టుకొని చెంపల లోపల, పెదవుల లోపల, నాలుక పక్కన, నాలుక కింద చూసుకోండి. తుడిస్తే పోని తెలుపు గాని, ఎరుపు గాని, గట్టిదనం గాని, రెండు మూడు వారాల్లో మానని పుండు గాని కనిపిస్తే, డాక్టరుకు చూపించండి. పన్ను పీకించుకొనో పసరు పూసుకొనో రోజులు గడపకండి. నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకోకండి. మా అత్తకు నొప్పి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. నాకు రెండుసార్లూ నొప్పి రాలేదు.